పెరుగుతున్న శివారు: పదేళ్లకు ఎంతమంది, ఎన్ని ఇళ్లు, ఎంత పని

పదేళ్ల కిందటి జనగణనలో 40,000 ఉన్న మీ శివారు ఇప్పుడు 62,000కి చేరిందనీ, ఇదే శాతంతో ముందుకు పొడిగిస్తే వచ్చే పదేళ్లకు ఎంత అవుతుందనీ, దాన్నిబట్టి ఎన్ని ఇళ్లు, ఎన్ని దుకాణాలు, ఎన్ని ఉద్యోగాలు కావాలో ఎలా తేల్చాలనీ అడిగారు.

ముందు ఆ శాతం సంగతి చూద్దాం. పదేళ్లలో 55 శాతం పెరిగింది కాబట్టి ఏడాదికి 5.5 శాతం అని చాలా నివేదికల్లో రాసేస్తారు. అది తప్పు. పెరిగినదాని మీదే మళ్లీ పెరుగుదల వస్తుంది కనుక అసలు వార్షిక రేటు 4.48 శాతమే. 5.5 శాతాన్ని చక్రవడ్డీలా పదేళ్లు నడిపితే 1,05,900 వస్తుంది. 4.48తో నడిపితే 96,100. శాతం జోలికే పోకుండా, వచ్చిన 22,000 మందే మళ్లీ వస్తారనుకుంటే 84,000. ఆధారంగా ఉన్నవి రెండే అంకెలు, జవాబులు మాత్రం మూడు. వాటి మధ్య తేడా దాదాపు 22,000 మంది, అంటే పదేళ్లలో మీ ఊరు పెరిగినంత.

ఇలా పొడిగించే పద్ధతులు పెద్ద నగరానికో, జిల్లాకో ఫరవాలేదు. అక్కడ జననాలు, మరణాలు, వలసలు కలగలిసి ఏటా ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. శివారులో అలా ఉండదు. పెరుగుదలలో పెద్ద వాటా బయటినుంచి వచ్చి దిగేవాళ్లది, వాళ్లు దిగడానికి ఇల్లుండాలి. వెయ్యి ఫ్లాట్లు ఒకేసారి అప్పగిస్తే రెండు మూడేళ్లలో మూడు వేల మంది వస్తారు. ఆ తర్వాత కట్టడం ఆగితే జనాభా ఉన్నచోటే ఉండిపోతుంది, కొన్నాళ్లకు కాస్త తగ్గుతుంది కూడా. కాబట్టి శివారు లెక్క ఇళ్ల దగ్గర మొదలుపెట్టి మనుషుల దగ్గరికి రావాలి.

ఇంకో మాట. ఆ 40,000, ఆ 62,000 ఒకే సరిహద్దుకు చెందినవేనా? మధ్యలో పక్క గ్రామాలు కలిస్తే పెరుగుదలలో కొంత కాగితం మీదిదే. ఇప్పటి హద్దుల్లో ఉన్న వార్డులు, గ్రామాలన్నింటి పాత జనాభా కూడి, పాత అంకెను సరిచేశాకే ముందుకు వెళ్లండి.

ఇళ్లనుంచి లెక్క వేసే సూత్రం చిన్నది. మొత్తం ఇళ్లు, వాటిలో కాపురమున్న వాటి శాతం, కాపురానికి సగటు మనుషులు: ఈ మూడింటినీ గుణించి, హాస్టళ్లు, కార్మికుల క్యాంపులు, వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల ఉండేవాళ్లను కలపాలి. సూత్రం తేలికే కానీ మూడు అంకెల్లో ఒక్కటి కూడా సిద్ధంగా దొరకదు. పైగా అన్ని రకాల ఇళ్లకూ ఒకే సగటు వాడితే లెక్క మొదట్లోనే చెడుతుంది.

ఉదాహరణకు మీ దగ్గర 21,000 ఇళ్లు ఉన్నాయనుకుందాం. 9,000 విడి ఇళ్లు, 12,000 ఫ్లాట్లు. విడి ఇళ్లలో 92 శాతం నిండి, ఇంటికి 3.9 మంది ఉంటే 32,292 మంది. ఫ్లాట్లలో 74 శాతమే నిండి, ఇంటికి 3.1 మంది ఉంటే 27,528 మంది. హాస్టళ్లు, క్యాంపుల్లో 2,200. మొత్తం 62,020, జనగణనకు సరిపోయింది. ఇప్పుడు పాత ఇళ్ల సగటులనే, అంటే 92 శాతం, 3.9 మంది అనే అంకెలనే అన్నింటికీ వేసి చూడండి: ఇళ్లలోనే 75,348, హాస్టళ్లు, క్యాంపులు కలిపితే 77,548 వస్తుంది. ఊళ్లో లేని 15,500 మందికి నీళ్లూ బళ్లూ ప్లాన్ చేసినట్టు.

మొత్తం ఇళ్ల సంఖ్యకు ఆస్తిపన్ను రికార్డు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లు (కట్టడం పూర్తై కాపురానికి సిద్ధమని ఇచ్చే పత్రాలు), గృహ విద్యుత్ కనెక్షన్లు, కుళాయి కనెక్షన్లు నాలుగూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టండి. నాలుగూ కలవవు. ఎక్కడ ఎందుకు కలవలేదో తెలిస్తే సగం పని అయినట్టే. పన్ను రికార్డులో ఒకే భవనం ఒకే నంబరు మీద ఉండి లోపల ఆరు పోర్షన్లు ఉండొచ్చు. ఒకే ఇంట్లో కింద ఒక మీటరు, పైన ఒక మీటరు ఉండి కాపురం ఒకటే కావచ్చు. ఇంటి కనెక్షన్ మీదే ఆఫీసులు నడుస్తుంటాయి. అపార్ట్‌మెంట్లలో కుళాయి కనెక్షన్ మొత్తం బ్లాకుకు ఒకటే ఉంటుంది గనుక ఇళ్లు లెక్కపెట్టడానికి అది పనికిరాదు. కూల్చేసిన ఇళ్లు పన్ను జాబితాలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

కాపురమున్నవి ఎన్నో తేల్చడానికి కరెంటు వాడకాన్ని మించిన ఆధారం లేదు. కనెక్షన్ల సంఖ్యతో మాత్రం మోసపోవద్దు. ఖాళీ ఇంటికీ కనీస చార్జీ బిల్లు వస్తూనే ఉంటుంది. ఒక మామూలు ఫ్రిజ్ ఒక్కటే నెలకు సుమారు 20 నుంచి 30 యూనిట్లు కాలుస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో అయినా రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు రోజూ తిరిగితే అంతకు తక్కువేమీ కాదు. అందుకని వరసగా మూడు నెలలు 10 యూనిట్లు దాటని మీటరు వెనక కాపురం లేదనుకోవచ్చు. దీనికి రెండు మినహాయింపులు. కప్పు మీద సోలార్ ఉన్న ఇంటి బిల్లులో నికర వాడకం సున్నాకు దగ్గరగా కనిపిస్తుంది, అక్కడ గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు విడిగా చూడాలి. కొత్తగా అప్పగించిన ఫ్లాట్‌లో వడ్రంగులు, టైల్స్ వాళ్లు పనిచేస్తుంటే డ్రిల్లింగుకూ కట్టింగుకూ బాగానే కరెంటు కాలుతుంది, ఇంట్లో మాత్రం ఎవరూ ఉండరు. అప్పగించిన మొదటి ఆరు నెలల మీటర్లను వేరే గంపలో వేయండి.

కాపురానికి ఎంతమంది అన్నదానికి సర్వే తప్పదు. మొత్తం ఊరికి ఒక శాతాన్ని 5 శాతం అటూఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో (ఇలాంటి వంద సర్వేల్లో 95 సార్లు సరిపోయేలా) చెప్పాలంటే 385 ఇళ్లు చాలు. 3 శాతం తేడా కావాలంటే 1,068 కావాలి. ఊరు ఇంకాస్త పెద్దదైనా ఈ సంఖ్య దాదాపు మారదు, చాలామంది నమ్మరు గానీ. అయితే విడి ఇళ్లకొక సగటు, ఫ్లాట్లకొక సగటు కావాలి గనుక ఒక్కోదానికి 385 చొప్పున తీసుకోండి. ఇంటికి ఎంతమంది అనే సగటులో అప్పుడు తప్పు 0.2 లోపే ఉంటుంది. అన్నీ ఒకే వీధిలోనో, ఒకే టవర్‌లోనో తీసుకుంటే మాత్రం 385 ఇళ్లు చూసినా వంద చూసినట్టే. ఒకచోట ఉండేవాళ్లు ఆదాయంలో, వయసులో ఒకలాగే ఉంటారు.

తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటికి వెళ్లడం సర్వేలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ఖాళీ ఇళ్లకూ తాళమే ఉంటుంది, ఇద్దరూ ఉద్యోగం చేసే చిన్న కుటుంబాల ఇళ్లకూ పగలు తాళమే ఉంటుంది. వాటిని వదిలేస్తే కాపుర శాతమూ పెరుగుతుంది, ఇంటికి మనుషుల సగటూ పెరుగుతుంది. ఒక తలుపు దగ్గరికి మూడు వేర్వేరు వేళల్లో వెళ్లాలి, వాటిలో ఒకటి సెలవురోజు సాయంత్రం కావాలి. అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఇంట్లో ఎంతమంది ఉంటారు" అంటే వేరే ఊళ్లో చదివే పిల్లల్నీ, విదేశంలో ఉన్న కొడుకునీ కలిపి చెబుతారు. "నిన్న రాత్రి ఇక్కడ ఎంతమంది పడుకున్నారు, వాళ్లలో ఆరు నెలలకు పైగా ఉంటున్నవాళ్లు ఎంతమంది" అని అడిగితే లెక్కకు పనికొచ్చే జవాబు వస్తుంది. అక్కడే వయసులు, పని చేసే చోటు, ఎప్పుడు వచ్చారు, సొంతిల్లా అద్దెనా అని కూడా రాసుకోండి. తర్వాత బడికీ, దుకాణానికీ, రోడ్డుకీ ఇవన్నీ కావాలి.

ఇక పదేళ్ల ముందుకు. ఖాళీ భూమి ఎంతుందో చూసి, దాన్ని దశలవారీగా కోస్తూ రావాలి. మీ హద్దుల్లో 240 హెక్టార్లు మిగిలిందనుకుందాం. చెరువు, కాలువ, హైటెన్షన్ లైన్ల కింద కట్టకూడని భూమి 15 శాతం తీసేస్తే 204. రోడ్లు, పార్కులు, బడి, సబ్‌స్టేషన్‌కు 40 శాతం పోతే 122.4. హెక్టారుకు 75 ఇళ్ల చొప్పున 9,180 ఇళ్లు పడతాయి. చాలా ప్లాన్లు ఇక్కడే ఆగిపోతాయి. కానీ పట్టే ఇళ్లన్నీ పదేళ్లలో లేవవు. వారసుల మధ్య తగాదాలుంటాయి, ధర ఇంకా పెరుగుతుందని అట్టిపెట్టుకునేవాళ్లుంటారు, అప్పు పుట్టక ఆగే బిల్డర్లుంటారు. 65 శాతమే వస్తుందనుకుంటే 5,967 ఇళ్లు. 85 శాతం నిండి, ఇంటికి 3.2 మంది చొప్పున 16,230 మంది.

ఈ 65 శాతాన్ని ఊహించనక్కర్లేదు. ఆరేళ్ల కిందట పర్మిషన్ తీసుకున్న ప్రాజెక్టుల జాబితా తీయండి. వాటిలో ఎన్నింటికి పునాది పడింది, ఎన్నింటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చింది, ఎన్ని నెలలు పట్టింది అని విడి ఇళ్లకు, ఐదంతస్తుల లోపు వాటికి, టవర్లకు వేరువేరుగా రాయండి. మీ ఊరి గతమే మీకు నిష్పత్తి చెబుతుంది. పర్మిషన్ల సంఖ్యనే ఇళ్ల సంఖ్యగా తీసుకుంటే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి: రానివాటిని కలిపేస్తారు, వచ్చేవాటిని రెండు మూడేళ్లు ముందుగా చూపిస్తారు.

కొత్త భూమితో పాటు ఇప్పుడున్న ఊళ్లోనూ మూడు మార్పులుంటాయి. ఖాళీగా ఉన్న ఫ్లాట్లు నిండుతాయి: 74 నుంచి 88 శాతానికి వస్తే 1,680 ఇళ్లలో 5,208 మంది. పాత విడి ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోతే 3.9 కాస్తా 3.5 అవుతుంది, అంటే 3,312 మంది తగ్గుతారు. పాత ఇళ్లు కూల్చి ఫ్లాట్లు లేపుతారు: 150 ఇళ్ల చోట ఆరేసి ఫ్లాట్లు వస్తే 900 ఇళ్లు, వచ్చేవాళ్లు 2,448, పోయేవాళ్లు 483, నికరంగా 1,965. అన్నీ కలిపితే

62,020 + 16,230 + 5,208 − 3,312 + 1,965 = 82,111.

ఒక్క అంకెను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. 65 శాతం బదులు 45 శాతం భూమే కదిలి (అంటే ఇళ్లుగా మారి), పాత ఫ్లాట్లు 80 శాతం దగ్గరే ఆగితే 74,000. భూమి 80 శాతం కదిలితే 86,000. ఏ ఊహ మార్చితే అంకె ఎంత కదిలిందో పక్కన రాసి ఇస్తే చదివేవాళ్లకు దేనిమీద కన్నేసి ఉంచాలో తెలుస్తుంది. ఈ ఉదాహరణలో అది భూమి కదలిక. చాలా శివార్లలో అదే. మీరు మొదట పట్టుకున్న 96,000 ఈ పరిధిలోనే లేదు. దాని ప్రకారం పైపులు వేసి ఉంటే, వాటి అప్పు ఇంకా రాని జనం పేరున కట్టాల్సి వచ్చేది.

ఇళ్ల అవసరాన్ని జనాభా పెరుగుదలతో ముడిపెట్టి చూడటం ఇంకో పొరపాటు. ఒక్క మనిషీ పెరగకపోయినా ఇళ్లు కావలసి వస్తాయి. 62,000 మంది ఇంటికి 3.9 చొప్పున 15,900 ఇళ్లలో సర్దుకుంటారు. సగటు 3.4కి పడితే అదే జనానికి 18,235 ఇళ్లు కావాలి, అంటే 2,300కి పైగా అదనం. పెళ్లై వేరుపడినవాళ్లు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు, పిల్లలు దూరమైన పెద్దవాళ్లు పెరిగేకొద్దీ ఇలాగే జరుగుతుంది. "ఇన్ని ఇళ్లు కడుతుంటే అద్దెలు ఎందుకు తగ్గట్లేదు" అన్న ప్రశ్నకు జవాబులో కొంత ఇక్కడుంది.

మిగతాది ఖాళీ ఇళ్ల స్వభావంలో ఉంది. ఖాళీలన్నీ ఒకటి కావు. అద్దెకు మారుతున్న ఇళ్ల మధ్య కొన్నాళ్ల ఖాళీ మార్కెట్‌కు అవసరం. అది 5 శాతం కంటే బాగా కిందికి పడితే ఇంటి యజమాని ఎంతంటే అంత అద్దె. కానీ పెట్టుబడికి కొని తాళం వేసినవి, కోర్టు కేసుల్లో ఉన్నవి, లోపలి పని సగంలో ఆగినవి అద్దె మార్కెట్‌లో లేనట్టే లెక్క. ఊళ్లో 20 శాతం ఇళ్లు ఖాళీగా ఉండి, అద్దెకు దొరికేవి 2 శాతమే కావడం శివార్లలో విడ్డూరమేమీ కాదు. సర్వేలో ఖాళీ ఇల్లు కనిపిస్తే "అద్దెకు ఉందా, ఎంతకాలంగా" అని వాచ్‌మన్‌నో, పక్కింటివాళ్లనో అడిగి రాసుకుంటే ఈ రెండు అంకెలు విడివిడిగా వస్తాయి. పరిమాణం సంగతి కూడా ఉంది. మూడు పడకగదుల ఫ్లాట్లు వేలకొద్దీ లేస్తూ, ఊళ్లో పనిచేసే నర్సుకీ డ్రైవర్‌కీ టీచర్‌కీ కావలసిన ఒకటి రెండు గదుల ఇళ్లు లేకపోతే, వాళ్లు ఇంకా దూరం వెళ్లి రోజూ మీ రోడ్ల మీదుగానే తిరిగొస్తారు. అద్దె ఆదాయంలో 30 శాతం దాటితే భారమనే కొలత చాలా దేశాల్లో వాడుకలో ఉంది. మీ సర్వేలో అద్దె ఇళ్లవాళ్లలో ఎంతమంది ఆ గీత దాటారో చూస్తే ఏ పరిమాణం ఇళ్లకు కొరత ఉందో బయటపడుతుంది.

బళ్ల విషయంలో సగటు జనాభా అసలు పనికిరాదు. కొత్త ఫ్లాట్లలో దిగేవాళ్లు ఎక్కువగా ముప్పై చుట్టుపక్కల వయసువాళ్లు, చంకలో పిల్లలతోనో, త్వరలో పుట్టబోయే పిల్లలతోనో వస్తారు. మూడు వేల ఫ్లాట్లు రెండేళ్లలో నిండితే, నాలుగైదేళ్లకు ఒకటో తరగతి పగిలిపోతుంది, పదేళ్లకు ఆ ఒత్తిడి హైస్కూలుకు ఎక్కుతుంది, ఇరవై ఏళ్లకు గదులు ఖాళీ అవుతాయి. దేశం మొత్తం వయసుల నిష్పత్తి తెచ్చి వేస్తే ఈ అల కనపడదు. తరగతి నుంచి తరగతికి నిష్పత్తి చూడండి: పోయినేడు ఒకటిలో 420 మంది ఉండి, ఈ ఏడు రెండులో 445 ఉంటే నిష్పత్తి 1.06. ఒకటికి మించిందంటే బయటి పిల్లలు వచ్చి చేరుతున్నారు. మూడేళ్ల సగటు తీసుకుని ముందుకు నడపండి. ప్రైవేటు బళ్ల అంకెలు కూడా కలపకపోతే పిల్లలు ఒక బడి నుంచి ఇంకో బడికి మారడమే పెరుగుదలగా కనిపిస్తుంది. పెద్ద ప్రాజెక్టులను విడతలుగా అప్పగించేలా పర్మిషన్‌లోనే షరతు పెడితే అల ఎత్తు తగ్గుతుంది. ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలిసి లేదు.

నీళ్లూ మురుగుకు పెద్ద వివరం అక్కర్లేదు. పైపులు సుమారు 30 ఏళ్లకు, పంపులు 15 ఏళ్లకు సరిపడా వేయడం వాడుక. కాబట్టి పైపుకు ఎక్కువ అంచనా, పంపుకు మధ్య అంచనా తీసుకోండి. ఇచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. ట్యాంకర్లతో, సొంత బోర్లతో వాడిన నీళ్లు కూడా మురుగులోకే వస్తాయని చాలా డిజైన్లు మరిచిపోతాయి.

స్థానిక ఆర్థికం దగ్గర మొదటి జాగ్రత్త కట్టుబడి పని గురించి. ఊరు పెరుగుతున్నంతసేపు సిమెంటు, ఇనుము, టైల్స్, రంగులు, ప్లంబింగ్ సామాను అమ్మే దుకాణాలు, రవాణా బండ్లు, మేస్త్రీలు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లతో కళకళలాడుతుంది. ఇవి జనాభా మీద ఆధారపడిన ఉద్యోగాలు కావు, జనాభా పెరుగుతున్న వేగం మీద ఆధారపడినవి. ఏటా 1,200 ఇళ్లు లేచే ఊళ్లో ఏటా 600కి పడితే జనాభా ఇంకా పెరుగుతూనే ఉంటుంది, కానీ ఈ పనుల్లో సగం పోతాయి. ఉపాధి లెక్కలో కట్టుబడిని వేరే వరసలో పెట్టండి. మెయిన్ రోడ్డు మీద బోర్డులు చదివినా ఊరు ఏ దశలో ఉందో తెలుస్తుంది. మొదట ఇనుము, ఇసుక, హార్డ్‌వేర్. తర్వాత టైల్స్, గ్రిల్స్, మాడ్యులర్ కిచెన్, కర్టెన్లు. వాటి పక్కన మందుల షాపు, పిండిమర, పిల్లల డాక్టరు, ప్లేస్కూలు కనిపిస్తున్నాయంటే జనం దిగుతున్నారు. దంత వైద్యులు, కోచింగ్ సెంటర్లు, బట్టల షోరూములు వచ్చేసరికి ఊరు కుదురుకున్నట్టే. ఆరు నెలలకోసారి ఒకే కిలోమీటరు రోడ్డు మీద బోర్డులన్నీ రకాలవారీగా రాసి ఉంచుకుంటే చాలా చవకైన సూచిక చేతిలో ఉంటుంది.

ఉద్యోగాలను ఇళ్లతో పోల్చడం కంటే పనిచేసే మనుషులతో పోల్చండి. 82,000 మందిలో 40 శాతం పనిచేసేవాళ్లైతే 32,800. ఊళ్లో ఉద్యోగాలు 11,000 ఉంటే నిష్పత్తి 0.34, అంటే ఊరు ఎక్కువగా రాత్రి నిద్రకే. అయితే ఈ నిష్పత్తి 1కి వచ్చినా సంబరపడక్కర్లేదు. ఊళ్లో ఉన్న ఉద్యోగాల్లోకి బయటివాళ్లు వస్తూ, ఊరివాళ్లు బయటికి పోతుంటే రెండు వైపులా రోడ్లు నిండుతాయి. ఊళ్లో ఉద్యోగాల్లో ఊరివాళ్లెంత, ఊరి ఉద్యోగుల్లో ఊళ్లోనే పనిచేసేవాళ్లెంత అన్న రెండు శాతాలూ సర్వే నుంచి తీయాలి.

ఏ ఊరికైనా బయటి డబ్బు తెచ్చే పనులు కొన్ని, ఆ డబ్బును ఊళ్లో తిప్పే పనులు కొన్ని ఉంటాయి. 1930లలో అమెరికా ఆర్థికవేత్త హోమర్ హోయ్ట్ స్పష్టంగా చూపిన విభజన ఇది. శివారులో దీనికో మెలిక ఉంది: బయటికెళ్లి జీతం తెచ్చుకునే మనిషే ఆ ఊరి ఎగుమతి. అందుకని ఫ్యాక్టరీ లేనంత మాత్రాన ఊరికి ఆధారం లేదనుకోకూడదు. ఆ జీతంలో ఎంత భాగం ఊళ్లో ఖర్చవుతోందన్నదే అసలు ప్రశ్న. కొత్తవాళ్లు మొదటి ఏడాదంతా పాత అలవాటు ప్రకారం ఆఫీసు దగ్గరో, వచ్చే దారిలోనో కొంటారు. పాలు, కూరగాయలు, మందులు ముందు ఊళ్లోకి మారతాయి. క్షౌరశాల, ఇస్త్రీ, చిన్న రిపేర్లు తర్వాత. ఫర్నిచర్, నగలు, పెద్ద ఆసుపత్రి చాలాకాలం నగరంలోనే.

ఎంత దూరం వరకు మీ దుకాణాలకు పట్టుంటుందో చూడటానికి 1931లో అమెరికా మార్కెటింగ్ పరిశోధకుడు విలియం రైలీ చెప్పిన ఆకర్షణ సూత్రం నుంచి వచ్చిన చిన్న లెక్క చాలు. రెండు కేంద్రాల మధ్య దూరాన్ని, ఒకటికి వాటి పరిమాణాల నిష్పత్తి వర్గమూలం కలిపి, దానితో భాగించాలి. నగర కేంద్రం మీ కేంద్రానికి తొమ్మిది రెట్లు పెద్దదై 12 కిలోమీటర్ల దూరంలో ఉంటే, 12ను 4తో భాగిస్తే 3. మీ దుకాణాల పట్టు ఆ దిక్కుగా మూడు కిలోమీటర్లే. పరిమాణానికి జనాభా బదులు దుకాణాల విస్తీర్ణం, దూరానికి బదులు ప్రయాణ సమయం వేస్తే ఇంకా నిజానికి దగ్గరగా ఉంటుంది. కొత్త ఫ్లైఓవర్ లేదా మెట్రో వస్తే ఈ గీత మీవైపు జరగవచ్చు. రవాణా మెరుగైతే స్థానిక వ్యాపారం పెరుగుతుందని అందరూ అనుకుంటారు గానీ, మొదటి రెండు మూడేళ్లు ఉల్టాగా జరగడం కొత్తేం కాదు. ఇంటికి సరుకు తెచ్చిచ్చే ఆన్‌లైన్ అమ్మకాలను ఈ సూత్రం పట్టుకోదు, దానికి సర్వేలో ఒక ప్రశ్న పెట్టాల్సిందే.

దుకాణాలకు చోటు వదిలేటప్పుడు ప్రతి వీధిలో కింది అంతస్తు వ్యాపారానికే అని నిబంధన పెట్టకండి. చూడటానికి బాగుంటుంది, కానీ జనం సరిపడా లేక సగం షట్టర్లు మూతపడి ఉంటాయి. రెండు మూడు కూడళ్లలో గుంపుగా పెట్టి, మిగతా వీధుల్లో కింది అంతస్తును అవసరమైతే దుకాణంగా మార్చుకునే వీలు ఇవ్వండి. పైకప్పు ఎత్తు కాస్త ఎక్కువ, వీధివైపు గోడ బరువు మోయనిది అయితే మార్పు తేలిక.

చివరగా ఊరి ఖజానా. పర్మిషన్ ఫీజులు, అభివృద్ధి చార్జీలు ఒక్కసారి వచ్చేవి. ఆస్తిపన్ను, నీటి బిల్లులు ఏటా వచ్చేవి. పెరిగే రోజుల్లో మొదటివి ధారాళంగా వచ్చి, వాటితోనే జీతాలూ చెత్త బండ్లూ నడుస్తుంటాయి. కట్టడం నెమ్మదించిన ఏడాది ఆ ఆదాయం పడిపోతుంది, ఖర్చు మాత్రం అప్పటికే దిగిన జనానికి తగ్గట్టు పెరిగి కూర్చుంటుంది. ఒక్కసారి వచ్చే డబ్బును పైపులకు, భూమి కొనడానికి, భవనాలకు మాత్రమే వాడేలా వేరే ఖాతాలో పెట్టించండి. కొత్త లేఅవుట్ ఒప్పుకునే ముందు ఇంటికి ఎన్ని మీటర్ల రోడ్డు, పైపు పడుతుందో లెక్క వేయండి. రెండు వైపులా ఇళ్లుండి, ప్లాటు ముఖం 12 మీటర్లైతే ఇంటికి 6 మీటర్లు, 20 మీటర్లైతే 10. ఊరికి కిలోమీటరున్నర ఎడంగా 200 ఇళ్ల లేఅవుట్ వస్తే, మధ్యలో ఖాళీ భూమి మీదుగా పోయే దారి ఒక్కటే ఇంటికి ఇంకో 7.5 మీటర్లు కలుపుతుంది. వేసేటప్పుడు బిల్డర్ వేస్తాడు. మరమ్మతు, మళ్లీ వేయడం ఊరిదే.

ఈ లెక్కనంతా ఒక ఫైల్లో పెట్టి ఏటా ఒకే నెలలో మీటర్ల వాడకం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లు, తరగతుల నిష్పత్తి, బోర్డుల లెక్క నాలుగూ కొత్తగా నింపండి. కాపురమున్న ఇళ్ల సంఖ్య మీ అంచనాకు వరసగా రెండేళ్లు 5 శాతం కంటే ఎక్కువ తేడాతో ఉంటే, ముందుగా భూమి కదిలే శాతాన్నీ ఫ్లాట్లు నిండే వేగాన్నీ సరిచూడండి. సర్వే మళ్లీ చేయడం ఖర్చుతో కూడిన పని, అది ఐదేళ్లకోసారి చాలు. టవర్లు ఎక్కువగా నిండిన వార్డుల్లో మాత్రం మూడేళ్లకే చేయండి.